పాత తారు రోడ్డు మీద ఇంకో పొర గుంజితే సరిపోతదా, మొత్తం తవ్వాల్నా?

ప్రశ్న అడిగిన బ్రదర్‌ది నర్సంపేట దిక్కు ఊరు. వాళ్ల ఊరి మీదికెళ్లి పోయే డబుల్ రోడ్డు 2016ల వేసిన్రట, ఏడు మీటర్ల వెడల్పు, మొత్తం 9 కిలోమీటర్లు. అండ్ల ఆరు కిలోమీటర్ల దాకా తారు తెల్లబడి చిప్స్ లేస్తున్నయి, చెరువు కింద పొలాల నడుమ పోయే రెండు కిలోమీటర్లు గుంతలు, పగుళ్లు, మిగిలిన కిలోమీటరు ఊళ్లె. ఇప్పుడు ఊళ్లె రెండు వర్గాలైనయట. మొత్తం తవ్వి కొత్తగ వేస్తేనే ఒప్పుకుంటం అని ఒకళ్లు, ఉన్నదాని మీద 40 మి.మీ. పొర గుంజితే పదేండ్లు చూడనక్కర్లేదని ఎవరో కాంట్రాక్టర్ చెప్పిండని ఇంకొకళ్లు. ఏది నిజం, వేస్తే ఎన్నేండ్లు వస్తది అని అడిగిండు.

నేను 26 ఏండ్ల సంది గిదే పనిల ఉన్న. మొదలు కాంట్రాక్టర్ల దగ్గర సైటు సూపర్‌వైజర్, తర్వాత హాట్ మిక్స్ ప్లాంట్ల ల్యాబు, ఇప్పుడు రోడ్లకు టెస్టింగు చేసే పని. హన్మకొండ చుట్టు, పరకాల, భూపాలపల్లి, ములుగు, జగిత్యాల దాకా తిరిగిన. అందుకే కొంచెం పొడుగు రాస్త, ఓపికతోని చదువుండ్రి.

సూటిగ చెప్పాలంటే రెండు వర్గాలదీ తప్పే. చిప్స్ లేచిన ఆరు కిలోమీటర్ల మీద 30 మి.మీ. బీసీ (బిటుమినస్ కాంక్రీట్, అంటే పైన వేసే తారు-చిప్స్ మాలు) పొర చాలు, అక్కడ తవ్వుడు దండుగ. పొలాల నడుమ రెండు కిలోమీటర్ల మీద 40 కాదు 80 మి.మీ. గుంజినా దండుగే, అక్కడ తవ్వాల్సిందే. ఊళ్లె ఉన్న కిలోమీటరుకు సీసీ (సిమెంటు రోడ్డు) అడుగుండ్రి. ఈ మూడిటికన్న ముందు సైడు కాలువలు, తూములు, బర్ములు (తారు అంచు పక్కన ఉండే మట్టి దారి) సాపు చేయించుండ్రి, అది కాకపోతే మిగతాదంతా బూడిదల పోసిన పన్నీరే.

ఇగ ఎందుకో చెప్త.

పైన వేసే పొర చేసే పని ఏందంటే నీళ్లు లోపలికి పోకుండ ఆపుడు, బండికి సాపు దారి ఇచ్చుడు. బరువు మోసేది అది కాదు, కింద ఉన్న కంకర, దాని కింద మొరం, దాని కింద మట్టి. 30, 40 మి.మీ. పొరకు బరువు మోసే బలం ఉంటది కాని చాన తక్కువ. గోడ లోపల చెదలు పట్టి కూలుతుంటే పైన సున్నం కొడితే ఎట్లుంటది, గట్లనే ఉంటది కింద పోయిన రోడ్డు మీద కొత్త తారు. మొదటి ఎండకాలం అద్దం లెక్క మెరుస్తది, అందరు ఫోటోలు దిగుతరు. రెండో వానకాలం వచ్చేసరికి కింది పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నయో అచ్చం గదే గీతల పైకి తేలుతయి. పాత పగులు కొత్త పొరలకెళ్లి మళ్లా మొలుస్తది, ఇదేం వింత కాదు, రోడ్ల పని చేసే ప్రతి ఒక్కడు చూసిందే.

అదే కింద గట్టిగ ఉండి పైన తారు మాత్రం ముసలిదైతే కథ వేరు. తారు ఎండకు, గాలికి గట్టిపడ్తది, పెళుసైతది. మన దిక్కు మే నెలల రామగుండం, మంచిర్యాల దాకా 45 డిగ్రీలు కొడ్తది, నల్లటి రోడ్డు మీద 60 దాటుతది. ఎనిమిది తొమ్మిదేండ్లు అట్ల ఎండితే తారు రంగు బూడిద రంగుకు వస్తది, చిప్స్‌ను పట్టుకునే జిగురు పోతది, లారీ టైరు గుంజినప్పుడల్లా ఒక్కొక్క చిప్ లేచి బర్ము మీద పడ్తది. మీ ఆరు కిలోమీటర్లది గిదే రోగం అనిపిస్తుంది. దీనికి మందు పై పొరనే, అదీ ఇప్పుడే. ఇంకో రెండు వానలు ఆగితే నీళ్లు లోపలికి దిగి అది కూడ ఆ రెండు కిలోమీటర్ల లెక్కనే అయితది. నా మాట ఏందంటే రోడ్డు సగం బాగున్నప్పుడు పెట్టే రూపాయి, పూర్తిగ పోయినంక పెట్టే పది రూపాయల పని చేస్తది. కాని మన దగ్గర బాగున్న రోడ్డుకు ఎవరు పైసలు అడగరు, గుంతల బండి పడి ఎవరికన్న దెబ్బ తాకినంకనే ధర్నా, ధర్నా అయినంకనే ఎస్టిమేటు.

రెండిటికి తేడా ఎట్ల పట్టాలె? ఇంజనీర్లు కాకున్నా మీరే సగం పట్టొచ్చు. మేస్త్రీల దగ్గర ఉండే అల్యూమినియం పట్టె, మూడు మీటర్లది, ఒకటి తీసుకపోయి లారీ చక్రం పోయే జాడ మీద అడ్డంగ పెట్టుండ్రి. పట్టె కింద ఎంత సందు ఉందో చూడుండ్రి. వేలు కూడ దూరకుంటే, అంటే 10 మి.మీ. లోపల ఉంటే, పగుళ్లు లేకుంటే, కింద మంచిగ ఉన్నట్టు లెక్క. బొటనవేలు అడ్డంగ పెట్టినా ఇంకా సందు మిగిలితే, అంటే 20 దాటితే, లేకపోతే మొసలి తోలు లెక్క చిన్న చిన్న డబ్బాల పగుళ్లు కనబడితే, అది కింద పోయిన రోడ్డు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) వాళ్లది 81 నంబరు కోడు ఉంటది, అండ్ల గూడ రోడ్డును మంచిది, నడుమది, చెడ్డది అని విడగొట్టేది ఈ 10, 20 లెక్కతోనే.

వాన పడ్డ తెల్లారి ఇంకో పని చేయుండ్రి. పగుళ్ల అంచుల పొంటి బూడిద రంగు మట్టి సన్నగ చిమ్మి ఎండినట్టు ఉందా చూడుండ్రి. ఉంటే లారీ బరువుకు కింది బురద పగుళ్లల్లకెళ్లి పైకి కక్కుతున్నట్టు. అట్ల ఉన్న చోట పొర గిర మాట కూడ ఎత్తొద్దు.

ఇగ రోడ్ల శాఖ తరఫున చేయాల్సింది బెంకెల్‌మన్ బీమ్ టెస్టు. పేరు పెద్దగ ఉన్నా పని చిన్నదే, ఒక లారీ వెనక ఇరుసు మీద 8170 కిలోల బరువు పడేట్టు లోడు చేసి, టైర్లల్ల గాలి చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు పెట్టి, జంట టైర్ల నడుమ సన్నటి పొడుగు బీమ్ కొస పెడ్తరు. లారీ మెల్లగ ముందుకు పోతే నొక్కుకపోయిన రోడ్డు మళ్లా ఎంత పైకి లేచిందో డయలు మీద కనబడ్తది. ఎంత ఎక్కువ లేస్తే కింద అంత మెత్తగ ఉన్నట్టు. 35 డిగ్రీల వేడికి లెక్క సరిచేస్తరు. ఇది వానలు పోయిన కొత్తల చేయాలె, అప్పుడే మట్టి మెత్తగ ఉండి అసలు రంగు బయటపడ్తది. ఏప్రిల్‌ల చేస్తే నల్లరేగడి కూడ బండ లెక్క ఉంటది, రిపోర్టు మస్తు వస్తది, రోడ్డు మాత్రం జులైల కూసుంటది. ఇప్పుడు ఎఫ్‌డబ్ల్యూడీ అని, రోడ్డు మీద బరువు పడేసి ఎంత నొక్కుకపోయిందో కొలిచే, బండికి తగిలించుకొని చేసే మిషన్ వచ్చింది, దానికి ఐఆర్‌సీ 115 అని 2014ల వేరే కోడే వచ్చింది, పెద్ద రోడ్లకు అదే వాడుతున్నరు. మీ అసొంటి రోడ్డుకు బీమ్ చాలు.

బీమ్ కూడ దొరకకపోతే గడ్డపార ఉంది కదా. నవ్వకుండ్రి, నిజంగనే చెప్తున్న. పదేండ్ల కిందటి ముచ్చట, పరకాల అవుతల మీ అసొంటిదే ఒక రోడ్డు, పొలాల నడుమ. 40 మి.మీ. బీసీ వేసిన్రు, నేను అప్పుడు ప్లాంటు ల్యాబుల ఉన్న, మా మిక్సుల ఏ తప్పు లేదు, మాలు బలం చూసే మార్షల్ టెస్టుల 9 కిలోన్యూటన్లకు పైన్నే వచ్చింది, తారు 5.4 శాతం కరెక్టుగ పడ్డది. రెండు వానకాలాలు కాలేదు, మొత్తం చీలికలే. నింద మిక్సు మీద పడ్డది, నా మీద పడ్డట్టే. సరే అని మేమే డిసెంబర్‌ల పోయి బాగ పలిగిన చోట రెండడుగుల గుంత తీపిచ్చినం. కొత్త పొర బాగనే ఉంది, పాత తారు ముక్కలు ముక్కలు, దాని కింద కంకర. కంకరల గడ్డపార దించి గుంజితే కొసకు బూడిద రంగు బురద అంటుకొని వచ్చింది, వెన్నల ముంచి తీసిన కత్తి లెక్క. అడుగు లోతు పోంగనే గుంతల నీళ్లు ఊరుడు మొదలైంది. డిసెంబర్‌ల! వాన పడి రెండు నెలలైంది. రెండు పక్కల చూస్తే యాసంగి నాట్ల కోసం మళ్లకు నీళ్లు పెట్టి ఉన్నరు, పొలం నీళ్ల మట్టం రోడ్డు కంకర మట్టం కన్న ఎక్కువనే ఉంది. మరి ఆ రోడ్డు ఏడాదిల తొమ్మిది నెలలు నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని నిలబడ్డట్టే కద. పైన 40 పెట్టినా 60 పెట్టినా ఏం లాభం?

మీ రెండు కిలోమీటర్లు చెరువు కిందనే అన్నరు, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న. అక్కడ తవ్వి ఏం చేయాలంటే, నల్లరేగడి ఉంటే పై మట్టి కొంత తీసి మంచి మొరం నింపాలె, దాని మీద జీఎస్‌బీ (అడుగున వేసే కంకర పొర), దాని మీద వెట్ మిక్సు కంకర (నీళ్లు కలిపి దిమ్మిస చేసేది), తర్వాత 50 మి.మీ. డీబీఎం (బీసీ కింద వేసే మందపు తారు-కంకర పొర), పైన 30 బీసీ. వీలైతే రోడ్డు మట్టాన్నే పొలం నీళ్ల కన్న ఒక రెండడుగులు లేపాలె. ఇండ్ల ఒకటి అందరు మర్చిపోయేది, జీఎస్‌బీ పొరను బర్ము అంచు దాకా, బయటికి కనబడేట్టు గుంజాలె. దాని పని బరువు మోసుడు ఒక్కటే కాదు, లోపలికి దిగిన నీళ్లను పక్కకు పంపుడు కూడ. కాని ఏడు మీటర్లకే ఆపి రెండు పక్కల మట్టితోని బర్ము కట్టేస్తరు, ఇగ అది కుండ అయి కూసుంటది, వచ్చిన నీళ్లు బయటికి పోయే తొవ్వ ఉండదు.

పొర వేసి బాగ నడిచిన కథ కూడ చెప్పాలె, లేకపోతే పొరలంటేనే మోసం అనుకుంటరు. హుస్నాబాద్ దిక్కు ఎర్ర చెల్క భూముల మీద పోయే రోడ్డు, కింద మొరం గట్టిది, నీళ్లు నిలవయి. పైన చిప్స్ లేచి గరుకు గరుకు అయింది, పట్టె పెడితే 5, 6 మి.మీ. సందు. ముందు గుంతలన్ని కోసి నింపినం, పగుళ్లల్ల తారు పోసినం, 30 బీసీ వేసినం. ఏడో ఏడు నడుస్తున్నది, మొన్న పోయి చూసిన, నడుమ గీత పెయింట్ పోయింది గాని రోడ్డు పోలేదు. అందుకే ఎన్నేండ్లు వస్తది అంటే, కింద గట్టిగ ఉంటే ఐదు నుంచి ఏడేండ్లు, కింద పోయి ఉంటే ఒకటి రెండు వానలు, నేను మా దిక్కు చూసిన లెక్క ఇది. పదేండ్లు చూడనక్కర్లేదు అన్న కాంట్రాక్టర్ సాబ్‌ను రాసియ్యమనుండ్రి.

నీళ్ల సంగతి ఇంకొంచెం చెప్పాలె, ఎందుకంటే అసలు రోగం అదే, తారు కాదు. మన జిల్లాల వాన నాలుగు నెలల్లనే దిగుతది, ఒక్కోసారి ఒక్క రాత్రే దిగుతది. 2023 జులైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మి.మీ. పడ్డది యాదికుందా, అదే వానకు మోరంచపల్లి మొత్తం మునిగింది. అంత వానకు ఏ రోడ్డూ ఆగదు, దాన్ని వదిలేయుండ్రి. నేను చెప్పేది మామూలు వాన గురించి. ఏడు మీటర్ల రోడ్డు నడుమ నుంచి అంచుకు 2.5 శాతం వాలు ఉండాలె, అంటే నడుమ భాగం అంచు కన్న ఎనిమిదిన్నర, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు. ఆ వాలు ఉన్నా కూడ బర్ము మీద ఏండ్ల సంది గడ్డి మొలిచి, దుమ్ము పేరుకొని బర్మే రోడ్డు కన్న నాలుగు వేళ్ల ఎత్తయితది. ఇగ నీళ్లు రోడ్డు అంచుకు వచ్చి అక్కడ్నే ఆగుతయి, అంచు పొంటి గుంతలు పడుడు దీనితోనే. జేసీబీ పెట్టి బర్ము చెక్కేస్తే రోజుకు కిలోమీటరు పైన్నే అయితది, తారు పనితోని పోలిస్తే ఆ ఖర్చు లెక్కలకే రాదు. కాని ఎస్టిమేటుల ఆ పని పెట్టడానికి ఎవరికీ ఉత్సాహం ఉండదు, ఎందుకంటే రిబ్బను కట్ చేసేటందుకు అండ్ల ఏం కనబడదు.

తూములు కూడ చూడుండ్రి. మత్తడి దుంకినప్పుడు నీళ్లు ఎటు పోతున్నయి, రోడ్డు దాటే తూము ఎక్కడుంది, అండ్ల సగం మట్టి నిండి ఉందా. చాన ఊర్లల్ల రైతులు పైపు వేసుకునేటందుకు రోడ్డు కోసి, పైన మట్టి కప్పి వదిలేస్తరు, సరిగ్గ ఆ గీత మీదనే మొదటి గుంత పడ్తది.

ఇగ పొర వేసే పనిల ఎక్కడ చెడిపోతదో చెప్త. మీరు ఊరోళ్లు దగ్గర నిలబడి చూడాల్సినవి ఇవే.

గుంతలు ముందు నింపాలె, పొరతోని పాటు కాదు. గుంతను నాలుగు మూలల డబ్బా లెక్క కోయాలె, అంచులు నిలువుగ ఉండాలె, లోపల మెత్తటిదంతా తీసి, ఊడ్చి, అంచులకు కూడ ఎమల్షన్ (నీళ్లల్ల కలిపిన పల్చటి తారు) పూసి, పొరలు పొరలుగ నింపి దిమ్మిస చేయాలె. మన దగ్గర ఏం చేస్తరంటే పేవర్ (మాలు పరిచే మిషన్) పోతుంటే ముందర ఒకడు తట్టతోని గుంతల ఇంత మాలు ఏసుకుంట పోతడు. రోలరు పైన సాపు చేస్తది, గుంతల మాలు నొక్కుకోనే పోదు, వానకాలం రాంగనే మళ్లా అదే జాగల గుంత.

ట్యాక్ కోటు, అంటే పాత రోడ్డుకు కొత్త పొరను అతికించే పూత. ఇది చాన మందికి తెల్వదు గాని సగం రోడ్లు దీనితోనే పోతయి. పాత తారు మీద దుమ్ము పూర్తిగ ఊడ్చి, కంప్రెషర్‌తోని ఊది, ఎమల్షన్ చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాములు సమానంగ స్ప్రే చేయాలె. కొట్టినప్పుడు చాయ్ రంగుల ఉంటది, కొంతసేపటికి నీళ్లు ఇగిరి నల్లగ మారుతది, మేం దాన్ని బ్రేక్ అయిందంటం. నల్లగ అయినంకనే మాలు పడాలె. తొందరపడి గోధుమ రంగు మీదనే వేస్తే, లేదా దుమ్ము మీదనే కొడితే, పాత రోడ్డుకు కొత్త పొర అతకదు. ఒకసారి కోర్ (రోడ్డు నుంచి మిషన్‌తోని గుండ్రంగ కోసి తీసే ముక్క) తీయడానికి పోయిన, మిషన్ పెట్టకముందే అంచు మీద పారతోని జర లేపితే 30 మి.మీ. పొర అప్పడం లెక్క లేచి చేతికి వచ్చింది. కింద చూస్తే సన్నటి ఎర్ర దుమ్ము, వేలితోని రాస్తే గీత పడ్డది. ఎవరి పనో చెప్పను, చెప్పినా లాభం లేదు, బిల్లు అయిపోయి మూడు నెలలైంది అప్పటికే.

తర్వాత వేడి. వీజీ-30 రకం తారుతోని చేసిన మాలు ప్లాంటుల 150 నుంచి 165 డిగ్రీలు ఉండాలె, రోడ్డు మీద పరిచేటప్పుడు 140కి తక్కువ కావొద్దు, రోలింగ్ 90 లోపలికి పడకముందే అయిపోవాలె. ప్లాంటు దగ్గరుంటే ఏం పరేషాన్ లేదు. కాని మన దిక్కు ప్లాంటు ఒక్కోసారి 50, 60 కిలోమీటర్లు ఉంటది, టిప్పరు మీద తాడిపత్రి కప్పరు, నడుమ డ్రైవర్ అన్నం తింటడు. నేను ఒకసారి ఏటూరునాగారం దిక్కు జనవరి పొద్దుగాల థర్మామీటర్ గుచ్చితే టిప్పరు నడుమల 131 చూపిచ్చింది, అంచుల మీద 104. వాపస్ పంపు అన్న. సైటు ఇంచార్జి నన్ను తిన్నట్టు చూసిండు, "సార్, మేడారం జాతర దగ్గరికొచ్చింది, ఇప్పుడు వాపస్ అంటే ఎట్ల" అన్నడు. వాపస్ పోయింది అనుకోండ్రి, కాని నేను లేని రోజు ఎన్ని పడ్డయో నాకేం తెల్సు. సల్లబడ్డ మాలు రోలర్ కింద నలగదు, పైకి నున్నగనే కనబడ్తది, లోపల సందులు ఉంటయి, సందులల్ల నీళ్లు. వేసిన మాలు పక్కన నిలబడితే ముఖానికి సెగ తగలాలె, చెప్పులు కాలాలె, అట్ల లేదంటే అడుగుండ్రి. సన్నటి పొర ఇంకా తొందరగ సల్లారుతది, 30 మి.మీ. పొరకు రోలర్ పేవర్ వెనకాలనే అంటుకొని పోవాలె, దూరంగ చెట్టు కింద నిలబెట్టి తర్వాత తిప్పుతమంటే అది దొంగ లెక్కనే. మాలులో గాలి సందులు లేకుండ ఉంటే ఎంత బరువు ఉంటదో లెక్క గడ్తరు, అండ్ల కనీసం 92 శాతం సాంద్రత రావాలని మోర్త్ (కేంద్ర రోడ్డు రవాణా శాఖ) స్పెసిఫికేషన్ల ఉంది, కోర్ తీసి చూపియ్యమనుండ్రి. కోర్ తీస్తే మందం కూడ బయటపడ్తది, 30 అన్నది 22 వచ్చిన రోడ్లు నేను చూసిన.

బరువు లారీలు. మీ రోడ్డు మీద ఏం పోతున్నయో రాయలే. ఇసుక, బొగ్గు, గ్రానైట్ లారీలు పోతే లెక్క పూర్తిగ మారుతది. రోడ్డుకు అయ్యే నష్టం బరువుతోని సమానంగ పెరగదు, నాలుగో ఘాతం లెక్కన పెరుగుతది, 1950ల చివర అమెరికాల ఇల్లినాయిస్‌ల రోడ్లు వేసి లారీలు తిప్పి తేల్చిన లెక్క అది. అంటే ఇరుసు మీద బరువు డబుల్ అయితే నష్టం డబుల్ కాదు, పదహారు రెట్లు. మన రోడ్ల డిజైన్ 8.16 టన్నుల ఇరుసు మీద ఉంటది, 2018ల సర్కారు నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 ఉన్నదాన్ని 11.5 టన్నులు చేసింది, లెక్క గడితే ఒక్క 11.5 ఇరుసు దగ్గర దగ్గర నాలుగు 8.16 ఇరుసులతోని సమానం. అదీ రూలు ప్రకారం పోయే లారీ మాట. రాత్రి పూట ఓవర్‌లోడ్ ఇసుక లారీ మాట నేను చెప్పాల్నా. అసొంటి ట్రాఫిక్ ఉంటే ఆరు కిలోమీటర్లకు కూడ బీమ్ టెస్టు చేసి ఎంత మందం కావాల్నో తేల్చాల్సిందే, తారు కూడ వీజీ-30 బదులు ఇంకా గట్టి రకం వీజీ-40 అడగాలె. ఉత్తగ ఆటోలు, బస్సు, ట్రాక్టర్లే అయితే నేను పైన చెప్పింది సరిపోతది.

ట్రాక్టర్ అంటే యాదికొచ్చింది, దమ్ము చక్రాలు. కేజ్ వీల్స్ ఏసుకొని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తారు రోడ్డు మీదికెళ్లి నడుపుతరు. ఆ ఇనుప బద్ద ఒక్కొక్కటి రోడ్డు మీద గొడ్డలి గంటు లెక్క పడ్తది, ఆ గంటు నుంచే నీళ్లు దిగుతయి. ఊళ్లె తీర్మానం చేసి ఇది బందు చేపిచ్చుకోవాలె, కోట్లు తెచ్చి రోడ్డు ఏసుకొని మన చేతులతోనే పలగ్గొట్టుకుంటే ఎవర్ని అంటం. వడ్లు, మక్కలు ఆరబోసుడు గురించి నేను ఏం అనను, కల్లం లేని రైతు ఏడ ఆరబోసుకుంటడు, కాని కుప్పల చుట్టు పెట్టిన రాళ్లు తీసి పొమ్మనుండ్రి, వాటికి తగిలి మనుషులు చస్తున్నరు.

మైక్రో సర్ఫేసింగ్ (ఎమల్షన్, సన్న చిప్స్ కలిపి వేసే పల్చటి పూత) గురించి కామెంట్లల్ల ఒకరు రాసిన్రు. మంచిదే, 4 నుంచి 8 మి.మీ. మందం, వేడి చేసే పని లేదు, రెండు మూడు గంటల్ల బండ్లు వదలొచ్చు. కాని అది రోడ్డు నాలుగైదేండ్లది ఉండి అప్పుడప్పుడే తెల్లబడుతున్నప్పుడు వేసే మందు, 2020, 2021ల వేసి ఉంటే సరిపోయేది. తొమ్మిదేండ్లు నడిచి చిప్స్ లేచినదానికి నేనైతే వద్దంట. ప్లాస్టిక్ కలిపిన తారు కూడ బాగనే ఉంటది, ఐఆర్‌సీ ఎస్‌పీ 98 కోడు 2013లనే వచ్చింది, కాని కింద బురద ఉన్న రోడ్డుకు ప్లాస్టిక్ కలిపినా బంగారం కలిపినా ఒక్కటే.

ఇప్పుడు పైసల లెక్క, ఊళ్లె మీటింగుల మాట్లాడేటందుకు పనికొస్తది. 40 మి.మీ. మొత్తం 9 కిలోమీటర్ల మీద గుంజితే 9000 గుణిస్తే 7, గుణిస్తే 0.04, అంటే 2520 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు సుమారు 2.4 టన్నుల లెక్కన ఆరు వేల టన్నుల పైన మాలు. నేను చెప్పినట్టు చేస్తే ఆరు కిలోమీటర్ల మీద 30 మి.మీ.కు మూడు వేల టన్నులు, రెండు కిలోమీటర్ల మీద డీబీఎం, బీసీ కలిపి 80 మి.మీ.కు 2700 టన్నులు, మొత్తం 5700. చూసిన్రా, తారు మాలు ఇంకా జర తక్కువనే అయింది. అదనంగ పడేది తవ్వుడు, మొరం, జీఎస్‌బీ, వెట్ మిక్సు, ఊళ్లె సీసీ. అది చిన్న ఖర్చేం కాదు, అబద్ధం చెప్పను, కాని మొత్తం తవ్వుడు కన్న ఎంతో తక్కువ. నిధులు సరిపోకుంటే ఊళ్లె సీసీ మళ్లేడుకు జరపుండ్రి, రెండు కిలోమీటర్ల తవ్వుడు మాత్రం జరపొద్దు. ఊళ్లె తారు పొర మీద పొర ఎందుకు వద్దంటున్ననంటే పొర పడ్డప్పుడల్లా రోడ్డు లేస్తది, ఇండ్ల గడపలు కిందికి పోతయి, వాన నీళ్లు ఇండ్లల్లకు వస్తయి, మోరీ నీళ్లు రోడ్డు మీద నిలుస్తయి, మోరీ నీళ్లకు తారు అస్సలు ఓర్వదు. పొర వేసిన ఆరు కిలోమీటర్లల్ల కూడ బర్ము మీద మొరం పోసి కొత్త అంచుతోని సమానం చేపియ్యుండ్రి, లేకపోతే బండి జర పక్కకు దిగంగనే పల్టీ కొడ్తది, అంచు కూడ ఇరుగుతది.

టైము సంగతి. వానలు తగ్గంగనే అక్టోబర్, నవంబర్‌ల బీమ్ టెస్టు, గుంతలు కోసి చూసుడు. డిసెంబర్ లోపల బర్ములు, తూములు, రెండు కిలోమీటర్ల తవ్వుడు మొదలు, సగం వెడల్పు సగం వెడల్పుగ చేస్తే బస్సు బందు కాదు. తారు పని ఫిబ్రవరి నుంచి మే నడుమ. మార్చి నెలాఖరుకు బిల్లుల తొందర ఉంటది, ఆ పది రోజులు మాత్రం మీ ఊరి పిలగాండ్లను ఇద్దర్ని సైటు మీద నిలబెట్టుండ్రి.

ఎస్టిమేటు కాపీ, టెస్టు రిపోర్టులు, పని చేసినంక ఎన్నేండ్లు కాంట్రాక్టరే రిపేరు చేయాల్నో ఉన్న అగ్రిమెంటు కాపీ, ఇవి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగొచ్చు. పాత రోడ్డుకు ఆ గడువు ఎప్పుడో అయిపోయి ఉంటది, కొత్తదానికి మొదటి రోజే తీసి పెట్టుకోండ్రి. ఏఈ సాబ్‌తోని కొట్లాడకుండ్రి, ఆయనకూ ఇయ్యన్ని తెల్సు, ఊరోళ్లు రాసి ఇస్తే పైకి పంపేటందుకు ఆయనకే బలం దొరుకుతది.

ఒకటి మీరు చెప్పలే, పొలాల నడుమ తూము రోడ్డుకు ఏ పక్క ఎత్తుల ఉంది, మత్తడి నీళ్లు అండ్లకెళ్లే పోతయా, రోడ్డు మీదికెళ్లి పోతయా? వాన పడ్డ తెల్లారి అక్కడ నిలబడి రెండు దిక్కుల ఫోటోలు తీసి ఈడ పెట్టుండ్రి, పట్టె కింద సందు ఎంత వచ్చిందో కూడ రాయుండ్రి, చూసి రోడ్డు మట్టం లేపాల్నా తూము పెంచాల్నా చెప్త.